తాళం తీసే హక్కు: పాత్రల నేర్పులూ ఇంటి నియమాలూ

పాత్రధారణ ఆటల్లో ఇంటి నియమం అంటే, అచ్చు పుస్తకం ఏమీ చెప్పని చోటనో, చెప్పింది రుచించని చోటనో ఒక బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు తమలో తాము ఒప్పుకుని పెట్టుకున్న కట్టుబాటు. అష్టాచెమ్మాలో ఎన్ని పడితే మళ్లీ గవ్వలు వేయవచ్చు, ఏ గడిలో ఉన్న కాయను చంపకూడదు అన్నవి ఇంటింటికీ మారినట్టే ఇక్కడా మారుతుంటాయి. అయితే అష్టాచెమ్మా పెద్దల నోట నేర్చుకునే ఆట, ఈ ఆటలు పుస్తకంతోనే పుట్టినవి. అందువల్ల ఏది అసలు నియమం, ఏది ఇంటివారు కల్పించుకున్నది అన్న తగువు వీటికి మొదటి నుంచీ తప్పలేదు. పాత్రల నేర్పుల విషయంలో, అంటే తాళం తీయడం, గోడ ఎక్కడం, చప్పుడు కాకుండా నడవడం, పాత గ్రంథాల్లో వెతకడం వంటి పనులు ఒక పాత్రకు ఎంత వచ్చునో అంకెల్లో కొలిచే పద్ధతి విషయంలో, ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.

ఈ తరహా ఆటల్లో మొదట అచ్చయినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి టీఎస్ఆర్ అనే చిన్న సంస్థ దాన్ని మూడు పలుచని పుస్తకాలుగా ఒక పెట్టెలో పెట్టి తెచ్చింది. మొదటి విడతగా వేసినవి 1000 ప్రతులు. కర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఆటగాళ్లు ఒక్కొక్కరూ ఒక్కొక్క కల్పిత పాత్రను ధరిస్తే, తర్వాతి కాలంలో డంజన్ మాస్టర్ అని పేరు పడిన నిర్వాహకుడు వారి చుట్టూ ఉన్న లోకాన్ని వర్ణిస్తూ, వారు చేస్తామన్న పనులకు ఫలితం చెబుతాడు. పాత్రకు బలం, బుద్ధి, వివేకం, దేహదారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ అనే ఆరు సహజ గుణాలు ఉండేవి, ఒక్కొక్కదానికి మూడు పాచికలు వేసి 3 నుంచి 18 లోపు అంకె నిర్ణయించేవారు. యోధుడు, మాంత్రికుడు, పూజారి అని పాత్రల్లో మూడే వర్గాలు. నేర్పుల పట్టిక అన్నది ఆ మూడు పుస్తకాల్లో ఎక్కడా లేదు.

లేదన్న సంగతి అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. నేలమాళిగలో నడుస్తున్న పాత్ర ముందున్న నేలను పది అడుగుల కర్రతో పొడిచి చూస్తానంటే, గొయ్యి ఉన్నదీ లేనిదీ నిర్వాహకుడు చెప్పేవాడు. గోడమీది దివిటీ కొక్కేన్ని తిప్పి చూస్తానంటే, అది రహస్యద్వారపు మీట అయిన పక్షంలో తలుపు తెరుచుకునేది. ఊహతో తేలని కొన్ని పనులకు మాత్రం పుస్తకం ఆరుముఖాల పాచికను ఆశ్రయించింది: రహస్యద్వారం కనిపెట్టాలంటే మనుషులకు 1 గాని 2 గాని పడాలి, ఎల్ఫ్ జాతివారికి 1 నుంచి 4 వరకు ఏది పడినా చాలు, తలుపు దగ్గర చెవి ఆనించి వినడానికి మనిషికి 1 పడాలి. ఇవి నేర్పులు కావు, ఎవరికైనా ఉండే అవకాశాలు. మిగతా పనులన్నీ ఆటగాడి మాటకారితనానికీ నిర్వాహకుడి విచక్షణకూ వదిలేశారు. మిగిలింది మీరే కల్పించుకోండి అన్న ధోరణిలోనే మూడో పుస్తకం ముగుస్తుంది కూడా. అందుచేత ఈ ఆటకు ఇంటి నియమం పరాయి వస్తువు కాదు. పుస్తకమే అడిగి తెచ్చుకున్న చుట్టం.

చిక్కు దొంగతో మొదలైంది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఏరో హాబీస్ అనే బొమ్మల, ఆటవస్తువుల దుకాణం ఉండేది. అక్కడ ఆడే బృందం తాళాలు తీయగల పాత్రవర్గం ఒకటి తమకు తాముగా కల్పించుకుంది. దుకాణం నడిపే గ్యారీ స్విట్జర్ 1974లో ఫోన్లో ఆ సంగతి చెప్పగా గైగాక్స్ దాన్ని తన పద్ధతిలో పెంచి, గ్రేట్ ప్లెయిన్స్ గేమ్ ప్లేయర్స్ న్యూస్‌లెటర్ అనే చిన్న పత్రికలో వేశాడు. మరుసటి ఏడు, 1975లో, రాబ్ కుంజ్‌తో కలిసి అతడు రాసిన గ్రేహాక్ అనుబంధంలో దొంగ అధికారికంగా నాలుగో ముఖ్యవర్గంగా చేరిపోయాడు. ఈ ఆటల చరిత్రలో నేర్పుల మొదటి శాతం పట్టిక ఒక దుకాణంలోని ఇంటి నియమం నుంచి మొలకెత్తిందన్న మాట. దొంగతనానికీ ఒక శాస్త్రం, దానికొక నిపుణుడు ఉంటాడన్న ఊహ తెలుగు పాఠకులకు కొత్తది కాదు, మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు ఏ ఆకారంలో కన్నం వేయాలో తర్కించుకుంటూనే పని కానిస్తాడు. అయితే నాటకంలో ఒకరి విద్యను పొగడటం వల్ల మరొకరికి పోయేదేమీ లేదు, ఆటలో అలా కాదు.

దొంగకు చప్పుడు లేకుండా నడవడం ఇంత శాతం వచ్చునని పుస్తకంలో రాసిన నాటి నుంచి, చెప్పులు విడిచి మునివేళ్ల మీద నడుస్తానన్న యోధుడికి ఎంత వచ్చునన్న ప్రశ్న పుట్టింది. అంతకు ముందు ఏడాది అదే యోధుడు అదే మాట అంటే, నేల రాతిదా చెక్కదా, కాపలావాడు మెలకువగా ఉన్నాడా లేదా అని ఆలోచించి నిర్వాహకుడు సరే అనేవాడు. పట్టిక వచ్చాక, అది దొంగ పని కదా అనడం మొదలైంది. ఉచ్చుల సంగతీ అంతే. పది అడుగుల కర్ర అప్పటికీ మూటలోనే ఉన్నా, ఉచ్చు కనిపెట్టే శాతం ఒకరికే రాసిపెట్టి ఉండటంతో మిగతావారు వెతకడం మానుకున్నారు. ఒకరికి రాసి ఇచ్చిన నేర్పు మిగతా అందరి దగ్గర నుంచీ చెప్పకుండా లాక్కున్న నేర్పు అయింది. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన ఇంటి నియమాల్లో చాలా భాగం ఈ లాక్కున్నదాన్ని ఎంతో కొంత తిరిగి ఇప్పించే ప్రయత్నాలే.

పైగా దొంగకైనా ఒరిగింది తక్కువ. టామ్ మోల్డ్‌వే సవరించిన 1981 నాటి బేసిక్ పుస్తకంలో మొదటి స్థాయి దొంగకు తాళం తీయడం 15 శాతం, ఉచ్చు కనిపెట్టడం 10 శాతం, చప్పుడు లేకుండా నడవడం 20 శాతం, నీడలో దాగడం 10 శాతం, నిటారు గోడ ఎక్కడం మాత్రం 87 శాతం. ఈ లెక్కన ఇరవై తాళాల్లో మూడు తెరుచుకుంటాయి, తప్పిన తాళాన్ని పై స్థాయికి ఎదిగే వరకు మళ్లీ ముట్టుకోకూడదు. కాపలావాడి వెనుకగా నీడల్లో దాగుతూ నిశ్శబ్దంగా దాటిపోవాలంటే నిర్వాహకుడు రెండు పరీక్షలూ పెట్టేవాడు. 20 శాతాన్నీ 10 శాతాన్నీ గుణిస్తే మిగిలేది 2 శాతం. యాభైసార్లు ప్రయత్నిస్తే ఒకసారి కుదిరే విద్యను ఏ గురువు నేర్పాడని ఆటగాళ్లు ఎగతాళి చేసేవారు. దీనికి ఎన్నో బల్లల మీద ఒక చక్కని పరిష్కారం పుట్టింది: పట్టికలోని శాతం మామూలు దాగడానికి కాదు, అసాధ్యమనిపించే దాగడానికి. తెర చాటున, పీపా వెనుక నక్కడం ఎవరైనా చేయగల పని. ఏ చాటూ లేని చోట వట్టి నీడలో కరిగిపోవడం ఒక్క దొంగకే తెలుసు. కాబట్టి దొంగ మొదట అందరిలాగే మామూలు అవకాశం వాడుకుంటాడు, అది తప్పాకే తన శాతాన్ని పరీక్షించుకుంటాడు. అంకె ఒక్కటీ మార్చకుండా, దాని అర్థం మార్చి అన్యాయాన్ని సరిదిద్దిన ఈ వ్యాఖ్యానం, శాస్త్రకారుడి సూత్రాన్ని వదలకుండానే భాష్యకారుడు దారి చూపిన పద్ధతిని తలపిస్తుంది. ఆ సన్నని పుస్తకంలోనే నిర్వాహకుడికి చెప్పిన సలహాల్లో, ఏ నియమమూ లేని పని ఎవరు చేయబోయినా ఇరవైముఖాల పాచిక వేసి, సంబంధిత సహజ గుణం అంకెకు మించకుండా పడితే పని అయినట్టు చూడవచ్చునన్న సూచన ఉంది. అలా గుణంతో పోల్చి పాచిక వేయడం క్రమంగా నేర్పుల పట్టిక లేని బల్లలన్నిటికీ దిక్కయింది.

శాతాలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు పాచికల్లోనే ఉంది. తొలినాళ్ల బహుముఖ పాచికలు కాలిఫోర్నియాలో పాఠశాలలకు గణిత పరికరాలు అమ్మే క్రియేటివ్ పబ్లికేషన్స్ నుంచి వచ్చేవి; ఇరవైముఖాల పాచిక మీద 0 నుంచి 9 వరకు అంకెలు రెండేసిసార్లు అచ్చు వేసి ఉండేవి. రంగులు వేరైన రెండు పాచికలు వేసి ఒకటి పదులు, ఒకటి ఒకట్లు అనుకుంటే నూటికి లెక్క దానంతట అదే వచ్చేది. వాన పడే అవకాశం ఎన్ని శాతమో రేడియోలో వినే జనానికి అది విడమరచి చెప్పనక్కరలేని భాష.

దొంగ అధికారికంగా చేరిన 1975లోనే టీఎస్ఆర్ అచ్చువేసిన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్ అనే ఆటలో పాత్ర పూర్వవృత్తికి చెందిన నేర్పుల జాబితాలు ఉన్నాయి. దాన్ని రాసిన ఎం.ఎ.ఆర్. బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషలు బోధించిన ఆచార్యుడు, ఉర్దూ పాఠ్యగ్రంథ రచయిత. ఐరోపా మధ్యయుగాల వాసన తగలని లోకాన్ని మొదట ఈ ఆటల్లోకి తెచ్చినవాడు. ఆ ఆట వన్నె ఉన్నంతగా వ్యాప్తి పొందలేదు. ఇంటి నియమాలకు అసలైన కార్ఖానా లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ 1975 జూన్‌లో మొదలుపెట్టిన అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్. సభ్యులు ఎవరి పుటలు వారు రాసి పంపితే అన్నిటినీ కలిపి కుట్టి మళ్లీ సభ్యులకే పంచే ఈ పత్రిక 2025 వరకు నడిచింది. ఒక ఊరి బల్ల మీద పుట్టిన కట్టుబాటును మరో ఊరివారు చదివి, వాడి, తప్పు పట్టి, తిరగరాసి పంపేవారు.

ఆ వాతావరణంలోనే స్టీవ్ పెరిన్ ఎదిగాడు. మధ్యయుగపు కత్తియుద్ధాన్ని సాధన చేసే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం అనే సంఘానికి అతడు 1966లో బర్క్‌లీలో ఉన్న తొలి సభ్యుల్లో ఒకడు. డాలు పట్టి నిజంగా దెబ్బలు కాచుకున్నవాడు కావడంతో, పుస్తకంలోని పోరు పద్ధతి అతనికి మింగుడు పడలేదు. 1976లో అతడు కూర్చిన సవరణలు పెరిన్ కన్వెన్షన్స్ అనే పేరుతో చేతులు మారాయి. రెండేళ్లకు, 1978లో, గ్రెగ్ స్టాఫర్డ్ నడిపే కేయాసియమ్ సంస్థ పెరిన్, రే టర్నీ తదితరులు రాసిన రూన్‌క్వెస్ట్‌ను ప్రచురించింది. అందులో వర్గాలే లేవు. కత్తి తిప్పడం, ఈత, గుర్రపు స్వారీ, చప్పుడు కాకుండా కదలడం అన్నీ శాతాలే, అవన్నీ అందరికీ ఉన్నవే. దొంగ దగ్గర ఉన్న పట్టికను చింపి ఊరంతా పంచినట్టయింది.

రూన్‌క్వెస్ట్‌లో నేర్పు పెరిగే తీరు ఇంకా సొగసైనది. సాహసంలో ఒక నేర్పును ఫలవంతంగా వాడితే పాత్రపత్రం మీద దాని పక్కన టిక్కు పెట్టుకోవాలి. ఆట చివర నూటికి పాచికలు వేసి, ఉన్న శాతం కంటే ఎక్కువ పడితేనే మరో 5 శాతం కలుస్తుంది. 30 శాతం వచ్చినవాడికి పెరిగే అవకాశం 70, 90 వచ్చినవాడికి 10. కొత్తవాడు త్వరగా నేర్చుకుంటాడు, ఆరితేరినవాడికి అంగుళం కదలడమూ కష్టమే అన్న అనుభవం ఒక్క పాచికతో పలికింది. మెచ్చుకోదగిన ఈ నియమానికీ ఒక వెర్రి మొలిచింది. ప్రతి ఆయుధానికీ టిక్కు సంపాదించే ఆశతో పాత్రలు గోల్ఫ్ సంచీలో కర్రల్లా అరడజను ఆయుధాలు మోసుకు తిరుగుతూ, కత్తితో ఒక వేటు తగలగానే దాన్ని పడేసి గొడ్డలి అందుకునేవారు. ఒక పోరుకు ఒకే టిక్కు అనో, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో వాడిన నేర్పుకే టిక్కు అనో నిర్వాహకులు ఇంటి నియమాలతో కట్టడి చేశారు.

మార్క్ మిల్లర్ రాయగా ఇలినాయ్‌లోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ 1977లో తెచ్చిన ట్రావెలర్ అంతరిక్ష వ్యాపారుల, మాజీ సైనికుల ఆట. నౌకాదళంలోనో సైన్యంలోనో నాలుగేసి ఏళ్ల కొలువులు ముగించుకుని బయటపడిన పాత్ర అక్కడ నేర్చుకున్న విద్యలతో ఆటలోకి వస్తుంది. కొలువులోనే చనిపోయే పాచిక కూడా ఉండటంతో, ఆట మొదలుకాక ముందే పాత్ర కన్నుమూసే ఏర్పాటుగా అది పేరుపడింది. ఒక్కొక్క నేర్పుకు ఒక్కొక్క తీరున వాడకం చెప్పిన ఆ పుస్తకాన్ని వాడినవారు, రెండు పాచికలు వేసి నేర్పు అంకె కలిపితే 8 గాని అంతకు మించి గాని రావాలి అన్న ఒకే కొలతకు కుదించుకున్నారు. నేర్పు లేకపోతే 36లో 15 అవకాశాలు, 1 ఉంటే 21, 2 ఉంటే 26. ఒక్కొక్క మెట్టుకూ బరువు ఉండటంతో చిన్న అంకెలే చాలేవి. అభిమానులుగా మొదలై డైజెస్ట్ గ్రూప్ అనే ప్రచురణ సంస్థగా మారినవారు పనుల కష్టాన్ని శ్రేణులుగా విడదీసి ఒక సార్వత్రిక పద్ధతి తయారుచేస్తే, 1987లో వచ్చిన మెగాట్రావెలర్ దాన్నే అధికారిక నియమంగా తీసుకుంది.

ఈలోగా లేక్ జెనీవా గొంతు మారింది. 1974లో మీరే కల్పించుకోండన్న గైగాక్స్, 1982లో డ్రాగన్ పత్రికలో పేకాటనూ చదరంగాన్నీ ఉదాహరించి, అధికారిక నియమాలు తప్పితే అది తమ ఆట కాదని వాదించాడు. పోటీలు నడపాలంటే అందరికీ ఒకే నియమం కావాలన్నది నిజమే, అమ్మకాల లెక్క కూడా అందులో ఉండటమూ అంతే నిజం. నేర్పుల విషయంలో మాత్రం అధికారిక పుస్తకమే తడబడింది. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో రైతు, జాలరి, తాపీ మేస్త్రీ, దర్జీ, నావికుడు వంటి పూర్వవృత్తుల పట్టిక ఒకటి ఉంది. నూటికి పాచికలు వేసి పాత్రకు ఒక వృత్తి కేటాయించవచ్చు, ఆ వృత్తితో ఆటలో ఏం చేయవచ్చో తేల్చుకోవలసింది నిర్వాహకుడే. 1985లో ఓరియంటల్ అడ్వెంచర్స్ అనే పుస్తకంతో ఆయుధాలకు చెందని ప్రావీణ్యాలు వచ్చాయి; 1989 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో కూర్పు ఆ ప్రావీణ్యాలు, వృత్తుల పట్టిక, ఆటగాడికి తెలిసినదే పాత్రకు తెలుసుననుకోవడం అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి, నచ్చినది ఎంచుకోమంది. ఇంటి నియమాల వైవిధ్యానికి అచ్చు పుస్తకం లొంగిపోయి సంతకం పెట్టిన పుట అది. ఆ ప్రావీణ్యాల్లో నిప్పు రాజేయడం ఒకటి. చెకుముకి పెట్టె లేకుండా రాజేయడానికే అది అవసరమని పుస్తకం చెబుతున్నా, ఆ ప్రావీణ్యం లేని పాత్రలను చలిలో వణికించిన నిర్వాహకులు లేకపోలేదు. సహజ గుణం 16 ఉన్నవాడు ఒక ప్రావీణ్యాన్ని మొదటి రోజే 80 శాతం సాధిస్తుంటే, అదే పుస్తకంలో దొంగ తాళం తీసే విద్య 10 శాతం దగ్గర మొదలవుతుంది; 60 పాయింట్లు పంచుకునే వెసులుబాటు ఇచ్చినా, ఒక్క విద్య మీద మొదట 30కి మించి పెట్టకూడదు. ఒకే పుస్తకంలో రెండు తూనికలు.

తూనిక సరిగ్గా ఉన్నా నేర్పు కథకు అడ్డుపడిన సందర్భం మరొకటి. శాండీ పీటర్సన్ 1981లో రాసిన కాల్ ఆఫ్ థులూ 1920ల నాటి అమెరికాలో భయానక రహస్యాల వెంటపడే పరిశోధకుల ఆట. అందులో గ్రంథాలయంలో వెతకడం ఒక నేర్పు, ఎవరికైనా 25 శాతం మొదటే ఉండేది. కత్తియుద్ధంలో తప్పిన పాచిక ఉత్కంఠ పెంచుతుంది, గ్రంథాలయంలో తప్పిన పాచిక కథను అక్కడే నిలిపేస్తుంది. దొరకాల్సిన పాత దినపత్రిక దొరక్క అందరూ ముఖాలు చూసుకుంటుంటే, నిర్వాహకుడు గ్రంథపాలకుడి నోటనో, బల్లమీద ఎవరో మరచిపోయిన కాగితం రూపంలోనో ఆ ఆధారాన్ని చేతికి అందించడం రివాజైంది. పాచిక తప్పితే ఆధారం దొరుకుతుంది గాని గంటలకు బదులు రోజులు పడుతుంది అన్నది మరో ఇంటి నియమం. ఈ నిత్య సర్దుబాటునే సూత్రంగా మలచి రాబిన్ డి. లాస్ 2007లో గమ్‌షూ పద్ధతి తయారుచేశాడు; తగిన నేర్పు ఉన్న పాత్ర తగిన చోట వెతికితే ఆధారం పాచిక అవసరం లేకుండానే దొరుకుతుంది, ఆట ఆధారాన్ని అర్థం చేసుకోవడంలో ఉంటుంది.

టీఎస్ఆర్‌ను 1997లో కొనుక్కున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000లో తెచ్చిన మూడో కూర్పు దొంగ శాతాలనూ ప్రావీణ్యాలనూ కరిగించి ఒకే అచ్చులో పోసింది: ఇరవైముఖాల పాచిక, నేర్పు అంకె, పని కష్టాన్ని బట్టి దాటాల్సిన గీత. ఎవరైనా దాదాపు ఏ నేర్పైనా కొనుక్కోవచ్చు. యోధుడికి ప్రతి స్థాయికీ రెండే నేర్పు పాయింట్లు రావడం, దాగడానికి ఒకటి, నిశ్శబ్దంగా నడవడానికి ఒకటి విడివిడిగా కొనాల్సి రావడం మళ్లీ పాత 2 శాతం వేదననే కొత్త రూపంలో తెచ్చాయి. రెంటినీ కలిపేయడం, యోధుడికి నాలుగు పాయింట్లు ఇవ్వడం ఆ పదేళ్లలో బహుళంగా వాడిన ఇంటి నియమాలు. వాటిలో మొదటిదాన్ని పైజో సంస్థ 2009లో పాత్‌ఫైండర్‌లో అచ్చువేసింది. మూడో కూర్పుతో పాటు ఇచ్చిన బహిరంగ అనుమతిపత్రం వల్ల, సవరించిన నియమాలనే కొత్త ఆటగా అమ్ముకోవడం చట్టబద్ధమైంది. ఈలోగా 2008లో వచ్చిన నాలుగో కూర్పులో పలువురి నేర్పులను ఒకే పరీక్షగా పేర్చే పద్ధతి ప్రవేశపెట్టి, అంకెలు కుదరక కొద్ది వారాల్లోనే సవరణ విడుదల చేశారు. ఆ కథ అంతకంటే చెప్పుకోదగింది కాదు.

పట్టికలు పెరిగేకొద్దీ పట్టికలు వద్దన్నవారూ పెరిగారు. మ్యాట్ ఫించ్ 2008లో రాసిన ఒక చిన్న ప్రవేశికలో, ఒకే గొయ్యిని పాచికతో కనిపెట్టే తీరునూ నీళ్లతో, ప్రశ్నలతో కనిపెట్టే తీరునూ పక్కపక్కన నడిపి చూపించి, రెండోదాన్ని పాత తరహా ఆట అన్నాడు. ఫిన్లాండ్‌లో స్థిరపడిన జేమ్స్ రాగి 2010లో తెచ్చిన లామెంటేషన్స్ ఆఫ్ ది ఫ్లేమ్ ప్రిన్సెస్ మధ్యేమార్గం పట్టింది: ఎక్కడం, వెతకడం, నక్కి నడవడం ఆరుముఖాల పాచికపై 1 పడితే ఎవరికైనా అవుతాయి, నిపుణుడనే వర్గంవాడు మాత్రం పాయింట్లు పెట్టి తన అవకాశాన్ని 2కీ 3కీ పెంచుకుంటాడు. నిపుణుడి గౌరవం నిలిచింది, మిగతావారి చేతులూ కట్టేయలేదు. రాబ్ హైన్‌సూ, జొనాథన్ ట్వీట్ 2013లో రాసిన 13త్ ఏజ్ నేర్పుల జాబితానే తీసేసి, పాత్ర పూర్వకథను రెండు మూడు మాటల్లో రాసుకోమంది. రాజుగారి వంటశాలలో పనిచేశానని రాసుకున్నవాడు కత్తులకూ విషాలకూ రాజభవనం దొడ్డిదారులకూ ఆ ఒక్క వాక్యాన్నే చూపించి బేరమాడవచ్చు. బేరం ఎంతవరకు చెల్లుతుందో ఆ బల్ల దగ్గరివారే తేల్చుకోవాలి, అంటే నియమమే ఇంటి నియమాన్ని పుట్టించే యంత్రమైంది.

2014లో వచ్చిన అయిదో కూర్పు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నేర్పులు పద్దెనిమిది, శిక్షణకు దక్కే అదనపు అంకె స్థాయిని బట్టి 2 నుంచి 6 వరకు. గుంపుగా నక్కి వెళ్లేటప్పుడు సగం మంది పాచిక నెగ్గితే అందరూ నెగ్గినట్టే. ఒక్కొక్కరికి సగం అవకాశమున్న నలుగురూ నెగ్గాలంటే పదహారులో ఒకసారే కుదురుతుందన్న పాత ఫిర్యాదుకు అది జవాబు. ఆ పద్దెనిమిదింటిలో తాళం తీయడం లేదు. అది నేర్పు కాదు, దొంగ పనిముట్ల వాడకం. పూర్వజీవితంలో నేరస్తుడినని రాసుకున్న పూజారి కూడా ఆ పనిముట్లు పట్టవచ్చు. పనిముట్లతో పాటు హస్తలాఘవం అనే నేర్పు కూడా ఉన్నవాడికి ఏమివ్వాలన్న ప్రశ్నకు 2014 పుస్తకంలో జవాబు లేదు, బల్లకో తీరుగా ఇచ్చుకున్నారు. పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోనివ్వవచ్చునని 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ సూచించింది; అదీ నిర్వాహకుడికి ఇష్టమైతేనే.